దొంగ చుక్క

"ఆ బటన్ నొక్కావంటే ఊరుకోను!" అంటూ, ఫోన్లో సంబరపు కేకలు విని ప్రొఫెసర్ గారు గదిలోకి ఊడిపడ్డారు.

శిష్యురాలు ఉలిక్కిపడింది గానీ మౌస్ మీంచి వేలు తియ్యలేదు.

"దొరికింది సార్! పాలపుంత నడిమధ్యలో ఒక చుక్క. వారం నుంచి వెలుగు పెరుగుతోంది. దాని ముందునుంచి మనకి కనపడని నక్షత్రం ఇంకోటి వెళ్తోంది. దాని బరువుకి వెనకదాని వెలుగు వంగి, భూతద్దం పెట్టినట్టు పెద్దదవుతోంది. గీత మీద ఆ బుడిపె చూడండి. ముందు వెళ్ళేదానికి గ్రహం కూడా ఉంది సార్!"

తెర మీద, వెలుగు లెక్క చూపించే గీత నున్నగా పైకి పోతోంది. చివర్లో చిన్న బుడిపె.

పాపం, రెండేళ్ళుగా కోట్ల చుక్కల్ని జల్లెడ పడుతోంది ఆ పిల్ల. ఆమె రాసిన ప్రోగ్రాముకి ఇంతవరకూ ఒక్కటీ చిక్కలేదు. ఈ నెలాఖరుకీ చిక్కకపోతే ప్రాజెక్టు మూతే. ఇప్పుడా బటన్ నొక్కితే కబురు అందరికీ వెళ్తుంది, ఎక్కడెక్కడి టెలిస్కోపులూ ఇటు తిరుగుతాయి. నొక్కకపోతే సాయంత్రానికల్లా ఆ బుడిపె కరిగిపోతుంది.

"తొందరెందుకమ్మా? కాఫీ తాగి వచ్చి చూద్దాం, పద" అన్నారు ప్రొఫెసర్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

"ఇప్పుడు కాఫీ ఏంటి సార్!"

ఇంతలో బల్ల మీది ఫోను మాట్లాడింది. వాళ్ళమ్మ ఇంకా లైన్లోనే ఉంది. "అమ్మాయ్, ఇవాళ మీ నాన్న ఊళ్ళో లేరే. వచ్చేవారం మళ్ళీ వస్తుందా అది?"

"రాదమ్మా. ఆ రెండూ ఒక వరసలోకి రావడం ఒక్కసారే. మళ్ళీ మన జన్మలో రాదు."

"అయ్యో, పక్కింటివాళ్ళని రమ్మని చెప్పేశానే!"

ఆ మాటతో ప్రొఫెసర్ గారి గుండె కరిగి నీరైంది. ఆయనే ఫోను కట్టేశారు.

"అమ్మాయ్, ఏమీ అనుకోకు. అది నిజం చుక్క కాదు, నేను పెట్టిన దొంగ చుక్క."

"ఆఁ?"

"నీ ప్రోగ్రాము పట్టుకుంటుందో లేదో తెలియాలి కదా. దొంగ వెలుగు ఒకటి తయారుచేసి, అసలు కొలతల్లో ఏదో ఒక చుక్కకి అతికించమని మన కంప్యూటర్ ఆపరేటరమ్మకి ఇచ్చాను. ఏ చుక్కకో నాకు కూడా చెప్పొద్దన్నాను. ఈ పనిలో అందరూ పెట్టే పరీక్షే. ముందే చెబితే పరీక్ష ఎలా అవుతుంది?"

ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఆయన చేతిరుమాలు తీసి ఇచ్చారు.

"ఏడుస్తావేంటి? పరీక్ష నెగ్గావు! ప్రాజెక్టు మూతపడకుండా చూసే పూచీ నాది." ఆ పైన ఆయనలో ఎక్కడో అణిగి ఉన్న గర్వం తన్నుకొచ్చింది. "అయినా ఆ బుడిపె చూడు, ఎంత బాగా కుదిరిందో! ఆదివారమంతా కూర్చుని చెక్కాను. నిజం చుక్కలకి ఇంత అందం ఎక్కడిది? నా చేతిపని నేను గుర్తుపట్టనా?"

ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "మీరు చాలా చెడ్డవారు సార్. వీధంతా పోగై ఉంటారు, మా అమ్మకి ఏం చెప్పను?"

ముక్కు తుడుచుకుని, బాణం గుర్తుని 'తీసెయ్' అన్న బటన్ మీదికి జరిపింది. నొక్కబోతుంటే తలుపు తోసుకుని, భుజాన సంచీతో ఆపరేటరమ్మ వచ్చింది.

"క్షమించండి సార్, పాపకి జ్వరమొచ్చి చెప్పకుండా సెలవు పెట్టేశాను. మీరిచ్చిన దొంగ చుక్క నా దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడు అతికించమంటారా?"