లీవు అనే మాట

నరసాపురం కాలువ మీద పడవలు దాటడానికి లాకు తలుపులు తీసి మూసే బుల్లియ్యకు, ఆ ఉదయం పడవలో ఇంజినీరు దొరగారి ఆఫీసు నుంచి ఇంగ్లీషు కాగితం వచ్చింది.

ఊళ్ళో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడు కరణంగారి గుమాస్తా చంద్రరావు ఒక్కడే. అతను కాగితమంతా వెతికి ఒక మాట మీద వేలు పెట్టాడు.

"లీవు అని ఉంది బుల్లియ్యా. అంటే వెళ్ళిపొమ్మని."

ఎందుకో బుల్లియ్యకు తెలుసు.

కిందటి నెల, నిండు చూలాలైన భార్య పెద్దింట్లమ్మకు నొప్పులని పుట్టింటి నుంచి కబురొస్తే, ఎవరికీ చెప్పకుండా మొగల్తూరు పరిగెత్తాడు. అవి ఉత్తుత్తి నొప్పులు. ఆ రెండు రోజులూ లాకు దగ్గర పడవలన్నీ నిలిచిపోయాయి.

ఇప్పుడు నెలలు నిండాయి. పని లేదు.

అదే పడవలోంచి రేకుపెట్టెతో దిగిన ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. తన పేరు అబ్రహాము అని చెప్పి, కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివాడు. సంగతేమిటని అడిగి, ఓపికగా అంతా విన్నాడు.

"లీవంటే వెళ్ళిపోవడం నిజమేనండి," అన్నాడు నెమ్మదిగా. "సెలవును కూడా లీవే అంటారు. మీకు నెల్లాళ్ళు సెలవు."

"మరి లాకు ఎవరు చూస్తారండి?"

"నేను చూస్తాను. నన్ను పంపింది అందుకే."

బుల్లియ్య మధ్యాహ్నం పడవకే మొగల్తూరు బయలుదేరాడు.

కాన్పు కష్టమైంది. మూడు రోజులు మంత్రసాని ఇల్లు కదల్లేదు, బుల్లియ్య గడప కదల్లేదు. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఆడపిల్ల కేరుమంది. తల్లీ దక్కింది.

నెల తిరిగి అతను వచ్చేసరికి లాకు తలుపులకు కొత్తగా తారు పూసి ఉంది. అబ్రహాము రేకుపెట్టె సర్దుకుని కూర్చున్నాడు.

బుల్లియ్య నవ్వుతూ, ఆ లీవు అనే మాటకు ఇంకా అర్థాలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"ఇంకోటుందండి. ఒకరి కోసం ఉంచేసి వెళ్ళడం."

పడవ కదిలిపోయింది. ఆయన ఊరేదో అడగాలని కూడా బుల్లియ్యకు తోచలేదు.

పది రోజులకు ఓవర్సీరు గారు తనిఖీకి వచ్చారు. పెళ్ళాం, బిడ్డా బాగున్నారా అని అడిగారు. ఆయనకెలా తెలుసునని బుల్లియ్య ఆశ్చర్యపోయాడు.

"అబ్రహాము అర్జీలో అంతా రాశాడుగా. నీ పని నీకే ఇమ్మని దొరగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు."

"నా సెలవులో వచ్చినాయన, ఆయనకెందుకండి ఆ బాధ?"



"సెలవేంటి బుల్లియ్యా? నిన్ను తీసేశాక, ఈ లాకుకు వేసిన కొత్త మనిషి ఆయనే."