ఏడో పంక్తి

"ఎవరీ రాడికల్, ప్రొఫెసర్?"

విచారణ సంఘం అధ్యక్షుడు క్లైడ్ రడ్డిక్ ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, ఆ మాట కింద గోటితో గీత గీశాడు. ఆయన మొక్కజొన్న రైతులకు ట్రాక్టర్లు అమ్మే వ్యాపారి, విశ్వవిద్యాలయ పాలకవర్గంలో సభ్యుడు. ఆ ఉత్తరం రాసి, ఇప్పుడు ఎదుటి కుర్చీలో కూర్చున్న ఎల్డన్ థోర్సన్ అదే విశ్వవిద్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా బీజగణితం బోధిస్తున్నాడు.

"అది మనిషి కాదండీ. గణితంలో ఒక వస్తువు పేరు."

"'వలయంలోంచి రాడికల్‌ను తొలగిస్తే మిగిలినది చక్కగా ముక్కలవుతుంది' అని రాశారు. అదీ బుడాపెస్ట్‌కి! కమ్యూనిస్టులకి! ఏ వలయమది? అందులో ఎవరెవరున్నారు?"

"వలయమూ గణితమే."

"ఆహా. 'మన సమూహంలో ప్రతి సభ్యుడికీ ఒక విలోమం ఉంటుంది. ఆ రెంటినీ కలిపితే సున్నా.' ఎవర్ని సున్నా చేద్దామనండీ? మమ్మల్నేనా?"

పక్కనున్న సభ్యులిద్దరూ పకపక నవ్వారు. థోర్సన్‌కు నవ్వు రాలేదు. కిందటి నెల ఆ గదిలోకి వెళ్లి వచ్చిన ఇద్దరు ఆచార్యులలో ఒకాయన ఇప్పుడు చెప్పుల దుకాణంలో జనం పాదాల కొలతలు తీస్తున్నాడు. రెండో ఆయనకు ఆ పనీ దొరకలేదు. 1952లో అమెరికాలో ఒక్కసారి ఎర్రవాడన్న ముద్ర పడితే, ఇంకో బడి గడప తొక్కనిచ్చేవారు లేరు.

"నా మాట నమ్మకపోతే గణితం తెలిసిన ఇంకొకరిని అడగండి," అన్నాడు.

"అడుగుతాం. ఎవరో మీరే చెప్పండి. రేప్పొద్దున మా మనిషిని తెచ్చి కూర్చోబెట్టామనకండి."

థోర్సన్ ఆలోచించవలసిన అవసరం లేకపోయింది.

"లోరెన్ పికెట్. నా శిష్యుడు. ఇప్పుడు నా పక్క గదిలోనే పాఠాలు చెబుతున్నాడు."

"శిష్యుడా? గురువుగారి కోసం ఓ చిన్న అబద్ధం ఆడడూ?"

"వాడా!" ఆ మధ్యాహ్నం మొదటిసారిగా థోర్సన్ పెదవులు విచ్చుకున్నాయి. "మొదటి ఏడాది వాడు రాసి తెచ్చిన ఒకే ఒక్క రుజువును పద్నాలుగుసార్లు తిప్పి పంపాను. ప్రతిసారీ ఎర్ర పెన్సిలుతో పైన మూడంటే మూడు మాటలు రాసేవాణ్ణి. పదిహేనోసారికి వాడిలో అబద్ధమన్నదే చచ్చిపోయింది."

"అయితే మీమీద కసి ఉండి ఉంటుంది."

"కసా? ఏటా నా పుట్టినరోజుకు వాడి భార్య చేసిన యాపిల్ కేకు పట్టుకొస్తాడు."

పికెట్‌ను పిలిపించారు. కోటు చేతి నిండా సుద్దపొడితో, ఓ పక్కకు జారిన టైతో లోపలికి వచ్చి, గురువు వంక దిగులుగా చూశాడు. బైబిలు మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారు.

"నిజం చెప్పండి, లెక్కల మాస్టారూ," అన్నాడు రడ్డిక్. "ఒకే ప్రశ్న. ఈ కాగితం మీద ఉన్నది గణితమా, కాదా? మాకు పాఠం చెప్పొద్దు. అవునో కాదో తేల్చండి చాలు."

పికెట్ చదవసాగాడు. మూలన గదిని వెచ్చబెట్టే ఆవిరి గొట్టం బుసకొడుతోంది. ఒక చోటికి వచ్చేసరికి అతని వేలు ఆగింది. వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, అక్కడే ఆగింది. ముఖం పాలిపోయింది.

"ప్రమాణం చేశాను కదండీ?" అన్నాడు నెమ్మదిగా.

"చేశారు. తప్పితే జైలు కూడా ఉంది."

పికెట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, కాగితం మీద ఏదో చుట్టి, పైన మూడు మాటలు రాసి రడ్డిక్ ముందుకు జరిపాడు. రడ్డిక్ దాన్ని ఎత్తిపట్టి, తీరిగ్గా, రుచి చూస్తున్నట్టుగా చదివాడు.

"'ఇది గణితం కాదు.'"

"లోరెన్!" థోర్సన్ కుర్చీలోంచి లేచాడు. "ఏమిట్రా ఇది? వివరంగా చెప్పు వాళ్లకి!"

"అడిగాం, చెప్పాడు. మీరు ఏరికోరి పిలిపించిన సాక్షే," అంటూ రడ్డిక్ కలం మూత తీశాడు. "రేపు పన్నెండింటిలోగా గది ఖాళీ చెయ్యండి. తాళంచెవి గుమాస్తాకివ్వండి."

ముగ్గురూ సంతకాలు పెట్టడానికి రెండు నిమిషాలైనా పట్టలేదు. ఉత్తరం నకలు ఒకటి తొలగింపు ఉత్తర్వుకు గుచ్చి థోర్సన్ చేతిలో పెట్టారు.

నడవాలో పికెట్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. థోర్సన్ నేరుగా అతని మీదికి వెళ్లాడు.

"ఎంతకు అమ్ముడుపోయావురా? నా కుర్చీ ఇస్తామన్నారా?"

"కుర్చీ ఏమిటి సార్?"

"జైలంటే భయపడ్డావా, పోనీ? లేక పద్నాలుగుసార్లకూ కలిపి ఒకేసారి కసి తీర్చుకున్నావా?"

పికెట్ నిజంగానే తెల్లబోయాడు. గురువు చేతిలోని నకలును మెల్లగా తీసుకుని, గోడకు ఆనించి, ఎర్ర పెన్సిలుతో ఒక చోట శ్రద్ధగా సున్న చుట్టి తిరిగి ఇచ్చాడు.

"ఏడో పంక్తిలో సున్నాతో భాగించారు సార్. దిద్ది తెండి, గణితమేనని ఒట్టేసి చెబుతాను."