నాలుగో గుంజ

షామియానా సరిగ్గా పురోహితుడి నెత్తిన కూలింది.

గాలి లేదు, వాన లేదు. నలుగురు టెంట్ పనివాళ్లు నాలుగు మూలలా గుంజలు పట్టుకుని ఉండగానే కూలింది. నానాజీ లాగమన్నప్పుడు ఎదుటి మూలనున్న దేవుళ్లు అనేవాడు లాగలేదు. దేవుళ్లు ఆగమన్నప్పుడు నానాజీ ఆగలేదు. కొండన్న సర్దిచెప్పబోతే నానాజీ అతని మీద విరుచుకుపడ్డాడు. నక్కపల్లి వైపు సముద్రపొడ్డు నుంచి వచ్చిన మత్స్యరాజు తాడు ముడి వేస్తుంటే, “అది సేపల వల కాదురా!” అన్నదీ నానాజీయే. మత్స్యరాజు తాడు వదిలేసి చక్కా పోయి అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు కూలింది.

టెంట్ హౌస్ యజమానురాలు ప్రేమావతి గారు ఆ గృహప్రవేశం వాళ్ల గెడ్డాలు పట్టుకుని బతిమాలి, నర్సీపట్నంలోని కొట్టుకి వచ్చి నలుగుర్నీ వరసగా నిలబెట్టారు. అది తొంభై ఎనిమిది వేసవి. పెళ్లిళ్లు మొదలవబోతున్నాయి.

“ఈ సీజన్లో ఇంకొక్క గొడవ జరిగిందంటే సామానంతా యలమంచిలి పార్టీకి అమ్మీసి, ఇంట్లో కూసుని బైబిలు సదువుకుంటాను. తరవాత మీ దారి మీరు సూసుకోండి.”

నానాజీ గుండెల్లో రాయి పడింది. పద్నాలుగేళ్లుగా అతనికి ఈ పని తప్ప మరొకటి తెలియదు. జ్వరమన్నది ఎరగని మనిషి, రెండు ఇనుప పైపులు ఒక్కడే భుజాన వేసుకుంటాడు, అయినా ఈ వయసులో కొత్త పని ఎవరిస్తారు? ఈ ముగ్గురు మొండిఘటాల వల్ల తన నోటి దగ్గర కూడు పోయేలా ఉందని అతనికి ఏడుపొచ్చింది.

సాయంత్రం ప్రేమావతి గారు అతన్నొక్కణ్ణీ పిలిచారు.

“నానాజీ, నిన్ను లీడర్ని సేత్తన్నాను. పైకి మాత్రం సెప్పకు. తెలిస్తే ఆలు ముగ్గురూ బిగుసుకుపోతారు. లీడరన్నోడు అరవకూడదు. ఎదటోడు సెప్పింది ఆఖరిదాకా ఇనాలి. పని బాగుంటే బాగుందనాలి. అంతే.”

నానాజీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆవిడకి మనుషుల్ని ఎంచడం తెలుసు.

మర్నాడే ప్రయోగం మొదలుపెట్టాడు. మత్స్యరాజు ముడి వేస్తుంటే నాలుక కొరుక్కుని, “బాగుందిరా ముడి” అన్నాడు. ఆ మాటకి మత్స్యరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క మంచి మాటకి మనిషి ఇంతగా కరిగిపోతాడా అని నానాజీ ఆశ్చర్యపోయాడు.

కుర్చీలు దించడం దగ్గర దేవుళ్లుతో మాట తేడా వచ్చింది. ఇంకో రోజైతే దేవుళ్లు పంచె ఎగ్గట్టేవాడు. ఇప్పుడు సగం మాట మింగేసి, “నువ్వెలాగంటే అలాగే బావా” అన్నాడు. నానాజీ కూడా మెత్తబడి, “కాదులే, నువ్వేటనుకుంటన్నావో సెప్పు” అన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వింటే పని అరగంట ముందే తెమిలింది.

నానాజీ పైపులు మోద్దామని వంగితే కొండన్న పరుగెత్తుకొచ్చాడు.

“ఇలగియ్యి. నాను మోత్తాను.”

“నాకేటైంది?”

“నీకేటవ్వలేదు. నువ్వు నీడకి కూకో.”

లీడరనేవాడు అన్నీ తనే మొయ్యకూడదు, పని పంచాలి అని నానాజీకి అప్పుడు బోధపడింది. ఆ రోజు నుంచి ధారాళంగా పంచాడు. వాళ్లు మారు మాట్లాడకుండా చేశారు. టీ కూడా అతని చేతికే తెచ్చిచ్చారు, అందులో పంచదార తగ్గించారు. చెప్పకపోయినా లీడరెవరో మనుషులకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆఖరి ముహూర్తం బలిఘట్టంలో పడింది. సరిగ్గా తలంబ్రాల వేళకి ఆకాశం నల్లబడి గాలి లేచింది. షామియానా పొంగి, గుంజలు నేల వదిలేయసాగాయి. నానాజీ ఒక మూలకి ఉరికాడు.

“నువ్వొగ్గీయ్ బావా! ఎనక్కెళ్లు!” ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు.

తనకోసం ప్రాణాలు అడ్డేసే జట్టు అనుకుంటూ నానాజీ వెనక్కి తగ్గాడు. కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. “దేవుళ్లూ, తాడు వదులు! కొండన్నా, లాగు! మత్స్యరాజూ, బేగి ముడెయ్!” అని చేతులు ఊపాడు. మూడు గుంజలు ముగ్గురు పట్టుకున్నారు. నాలుగోది పట్టుచీర కొంగు నడుముకి చుట్టి ప్రేమావతి గారే వాటేసుకున్నారు. పావుగంటకి గాలి తగ్గింది. షామియానా నిలబడింది, పెళ్లీ నిలబడింది.

“కొట్టు అమ్మను,” అన్నారు ప్రేమావతి గారు రొప్పుతూ, చేతులు తుడుచుకుంటూ. ఆ మాట అనేసి పెళ్లివారి దగ్గరికి వెళ్లిపోయారు.

ఇంక నానాజీకి దాచుకోవడం చేతకాలేదు. సీజను అయిపోయింది కదా. మళ్లీ కుర్చీ ఎక్కాడు.

“ఒరే, అసలు సంగతి సెప్తాను, ఇనండి! అమ్మగారు నన్ను ఎప్పుడో లీడర్ని సేసినారు! కుక్కా పిల్లీలా కొట్టుకునే మిమ్మల్ని జట్టుగా సేసింది ఎవులనుకున్నారు? నాను! నానే!”

అతని మొహం ఎర్రబడింది. గొంతు పందిరి దాటి వినిపించింది. ముగ్గురూ బెదిరిపోయి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మత్స్యరాజు మంచినీళ్లకి పరుగెత్తాడు. దేవుళ్లు విసనకర్ర అందుకున్నాడు.

కొండన్న అతన్ని పసిపిల్లాణ్ణి దించినట్టు కుర్చీ మీంచి దించి, ఛాతీ మీద మెల్లగా రాస్తూ అన్నాడు: “నువ్వే లీడరు, ఎవులు కాదన్నారు, కానీ ఇంకోపాలి ఆవేశపడితే నీ గుండె ఆగిపోద్దని డాక్టరు సెప్పినాడంట గదా, ఆ పురోహితుడి మీద పందిరి పడిన రేతిరే అమ్మగారు మా ముగ్గురి సేతా ఒట్టేయించుకున్నారు బావా.”