మూత పడని డబ్బా

"నాన్నా, ఇది కారా, అంబులెన్సా?" అంటూ కూతురు దూది కట్టలు రెండు తీసి పక్కన పడేసింది.

లైసెన్సు వచ్చాక ఆమె ఒంటరిగా కారు తీయడం ఇదే మొదటిసారి. ప్రథమ చికిత్స డబ్బా సర్దితే గానీ తాళం ఇచ్చేది లేదని తండ్రి భీష్మించుకున్నాడు.

"కట్లు, కత్తెర, కాలిన గాయాల మందు, గ్లవ్స్. చాలా?"

"చాలు. మూత పెట్టు."

మూత పడలేదు. గట్టిగా అదిమినా పడలేదు. అడుగున వెతికితే చేతిరుమాల్లో చుట్టిన చిన్న మూట దొరికింది.

"ఇవి నీ బీపీ మాత్రలు! నీ దూరపు చూపు కళ్లజోడు! ఇవెందుకు ఇందులో?"

"ఎందుకేమిటే? దారిలో నాకు అక్కర్లేదూ?" అనేసి ఆయన నాలుక కరుచుకున్నాడు.

"ఒక్కదాన్నే వెళ్తానన్నాను కదా నాన్నా!"

ఆయన గుప్పిట్లో తాళం బిగుసుకుంది. కాసేపటికి కళ్లజోడు ముక్కు మీదికి, మాత్రలు జేబులోకి చేరాయి. మూత ఆయనే నొక్కాడు. టక్కున పడింది.

తాళం ఆమె చేతిలో పెడుతూ, "డబ్బా డిక్కీలో వద్దు, సీటు కింద పెట్టుకో" అన్నాడు.

"అలాగే. ముందు నువ్వు ఆ మాత్ర వేసుకో. గేట్లోంచి రివర్స్ తీస్తున్నా!"