నోరు మూసిన ఆల్చిప్పలు

ఆ రోజుల్లో ప్రతి ఇంటి కుళాయికీ ఓ గాజుతొట్టి ఉండేది. అందులో ఇసుక, ఇసుకలో సగం దిగబడి ఆరు ఆల్చిప్పలు. నీళ్ళు బాగుంటే అవి నోళ్ళు తెరుస్తాయి, కుళాయి పారుతుంది. పాడైతే మూసేస్తాయి, కుళాయి ఆగిపోతుంది.

పేరంటాలు ఇంటి తొట్టిలో నాలుగు రోజులుగా ఒక్కటీ నోరు తెరవలేదు. ఆమె డ్రమ్ములో పట్టుకున్న వాననీళ్ళతోనే ఎసరు పెడుతోంది.

మిట్టమధ్యాహ్నం నీళ్ళ ఆఫీసు త్రినాథరావు చెమటలు కక్కుతూ డబ్బాతో వచ్చాడు.

"మీవి ముసలివైపోయాయి పిన్నిగారూ. ఇవి ల్యాబులో పెంచినవి, ఎప్పటికీ మూసుకోవు. మీ వీధంతా మార్చేసుకున్నారు."

"మొరగని కుక్కని కాపలా పెట్టుకోమంటావేంటయ్యా? నావి గోదారి ఇసుకలోంచి నా చేత్తో ఏరుకొచ్చుకున్నవి. తొట్టి మీద చెయ్యి పడిందో, ఊరుకోను."

"నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయని మా మీటరు చెబుతోందండీ."

పేరంటాలు ఎదురింటికెళ్ళింది. వాళ్ళ కుళాయి ధారాళంగా పారుతోంది. గ్లాసు నిండా పట్టుకొచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఎండన పడి వచ్చావు. తాగు."

అతను గ్లాసు వంక చూశాడు. మూసుకున్న ఆరు ఆల్చిప్పల వంక చూశాడు. గ్లాసు మెల్లగా గట్టు మీద పెట్టేశాడు.

"మీ వాననీళ్ళుంటే కాసిని ఇప్పించండి," అన్నాడు గొంతు తగ్గించి.

పేరంటాలు డ్రమ్ములో చెంబు ముంచింది.

"ఇస్తాను. పద, వీధిలో నిలబడి తాగుదువుగాని. అందరూ చూడాలి."