స్క్రూలొద్దు

పదకొండు అద్దె ఇళ్ళ తర్వాత కొనుక్కున్న సొంత ఇల్లు. గోడలోకి బీరువా బిగిస్తున్న వడ్రంగితో ఆమె అంది: "స్క్రూలొద్దు. మేకులు కొట్టు, జిగురు కూడా పెట్టు."

"తర్వాత విప్పడానికి రాదమ్మా."

"రాకూడదనే. బదిలీ అయినప్పుడల్లా పలకలకి నంబర్లేసి విప్పడం, మళ్ళీ బిగించడం. చేతులు పడిపోయాయి నాయనా."

భర్త గుమ్మంలో నిలబడి వింటున్నాడు. కొత్త బదిలీ కాగితాన్ని మూడు రోజుల క్రితమే ఆఫీసు సంచిలో దాచాడు. లోపలికొచ్చి అరలు చూశాడు. రెండు ఆమె చీరలకి, మూడు పాప పుస్తకాలకి.

"మరి నా బట్టలకేదీ?"

ఆమె చెక్కపొట్టు ఊడుస్తూ తల ఎత్తలేదు.

"మీ పెట్టెలో సర్దేశానండీ. బదిలీ కాగితం పైనే పెట్టాను."