రాజమౌళైట్ దర్శనం

ల్యాబ్ గుమ్మంలో వట్టికాళ్ళతో నిలబడ్డ మనిషిని చూసి ప్రొఫెసర్ రాజమౌళి గారికి ప్రాణం లేచొచ్చింది.

"ఎవరమ్మా ఈ పెద్దాయన?"

"మా నాయిన సార్, మొగిలయ్య. మరిపెడ దిక్కు నుంచి అచ్చిండు" అంది రీసెర్చ్ స్కాలర్ వినోద మొహమాటపడుతూ. "కాళ్ళకు చెప్పులు లేవని ఏమనుకోకుండ్రి సార్. అవి ఆడ..."

"చెప్పకు. అర్థమైంది."

ఏమర్థమైందంటే, ఈ హనుమకొండలో చదువుకున్నవాళ్ళు ల్యాబులోకి బూట్లేసుకుని టకటకా వచ్చేస్తారు. చదువురాని ఈ రైతు మాత్రం దీన్ని గుడి అనుకున్నాడు. ఆహా, ఎంత సంస్కారం!

"వరి ఎర్రవడ్డది సారూ, రెండు రోజులసంది తిరుగుతాన..." అని మొగిలయ్య మొదలుపెట్టాడు. రాజమౌళి గారు ఆ మాట వినలేదు. ఆయన మనసంతా బీకరులో ఉంది.

వచ్చే నెల ఆయన రిటైర్మెంట్. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన కనిపెట్టింది ఏమైనా ఉందంటే, పండగ సెలవుకు ముందూ వెనకా ఇంకో రెండు సెలవులు ఎలా అతికించాలో మాత్రమే. ఆ లోటు తీర్చడానికే పుట్టింది రాజమౌళైట్. రెండు మందులు నీళ్ళలో కలిపి, బీకరుకు చిల్లుల కాగితం కట్టి, నీరు మెల్లమెల్లగా ఆవిరయ్యేదాకా నలభై రోజులు కాపలా కాస్తే మిగిలిన స్ఫటికం. ఆ నలభై రోజులూ ఆ గదిలో ఫ్యాను తిరగలేదు. తుమ్మొచ్చినవాళ్ళు సుబేదారి చౌరస్తా దాకా పోయి తుమ్మి వచ్చారు.

దాన్లోకి ఇటునుంచి కంటికి కనబడని లేజరు కాంతి పంపితే, అటునుంచి ఆకుపచ్చటి వెలుగు వస్తుంది. అలా కాంతి రంగు మార్చే స్ఫటికం కొత్తగా కనిపెట్టినవాడి పేరు నిలిచిపోతుంది. రాజమౌళి గారు పేరు ముందే పెట్టేశారు. నిలవడమే తరువాయి.

వినోదకే మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

"సార్, మనం కలిపిన రెండిట్ల పోలికకని పక్కకు పెట్టుకున్న పాత మందు ఎంత వెలుగిస్తాందో మనది సుత గంతే ఇస్తాంది. కరిగే వేడి సుత గదే. ఒక్కసారి ఎక్స్‌రే తీపిస్తే లోపల ఏ అణువులున్నయో తేలిపోతది." ఆమె ఇలా అడగడం ఇది మూడోసారి.

"ఎక్స్‌రే బొక్కలిరిగినోళ్ళకు తీస్తరమ్మా" అన్నారు రాజమౌళి గారు. వినోద నాలుగేళ్ళ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆమె లేజరు అద్దం తుడవడానికి పోయింది.

పదకొండింటికి హైదరాబాదు నుంచి కమిటీ దిగింది. వాళ్ళు తలూపితే రాజమౌళి గారు ఈ ఏటి ఉత్తమ శాస్త్రవేత్త. ఊపకపోతే వచ్చే నెల ఓ శాలువా, ఓ గోడగడియారం, అంతే సంగతులు.

లైట్లార్పారు. లేజరు పెట్టారు. గోడ మీద ఆకుపచ్చటి చుక్క మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"నా పొలం సుత గిట్ల పచ్చగుంటే మంచిగుండు" అన్నాడు మూలనున్న మొగిలయ్య.

కమిటీ పెద్ద శోభారాణి మాత్రం చప్పట్లు కొట్టలేదు. "ఎక్స్‌రే చేయించారా?" అని అడిగారు.

రాజమౌళి గారు దిక్కులు చూశారు. ఆ వట్టికాళ్ళ భక్తుడు కనబడ్డాడు. హమ్మయ్య!

"మేడమ్, అసలైన సైన్సు సామాన్యుడికి అర్థం కావాలి. యంత్రాల సాక్ష్యం మనకెందుకు? ఇదిగో, ఒక రైతు! పెద్దాయనా, పట్టుకుని చూడు" అంటూ డబ్బాలో మిగిలిన స్ఫటికం ముక్కలు గుప్పెడు తీసి మొగిలయ్య అరచేతిలో పోశారు.

మొగిలయ్య వేళ్ళతో నలిపి చూశాడు. వాసన చూశాడు. ఎవరూ ఆపేలోపే, బిడ్డ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసులో అడుగున మిగిలిన నీళ్ళల్లో వాటిని వేసి వేలితో కలిపాడు.

"అయ్యయ్యో!" అన్నారు రాజమౌళి గారు. కానీ కమిటీ చూస్తోంది. ఓర్చుకుని నవ్వారు.

మొగిలయ్య గ్లాసును చెంపకు ఆనించుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"సల్లగయింది!"

"చూశారా మేడమ్, ఎలా పరవశించిపోయాడో! అడుగు పెద్దాయనా, ఏం కావాలన్నా అడుగు. కమిటీ ముందే అడుగు. సైన్సు అందరిదీ!"

శోభారాణి పెన్ను మూత తీశారు. వినోద తల దించుకుంది. మొగిలయ్య రెండు చేతులూ జోడించాడు.

"సారూ, తెల్లారగట్లసంది నా చెప్పులు దుకాణం ముంగట లైన్ల ఉన్నయి, నాకు ఒక్క బస్తా దొర్కలే గని, మీకు గీ యూరియా యాడ దొర్కింది?"